రెండు నోళ్ల మధ్య: పళ్ల దవాఖాన పనిముట్లు

నస్పూర్ చుట్టూ ఉన్న బొగ్గు బాయిల్లో పని మొదలుపెట్టే ముందు పైకప్పును కడ్డీతో తట్టి చూస్తారు. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పొర విడిన కప్పు బోలుగా మోగుతుంది. ఆ తేడా పట్టగలిగిన చెవి మీద కింద పనిచేసేవాళ్ల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. అదే కార్మికుడు షిఫ్టు దిగాక, వాచిన దవడ పట్టుకుని పళ్ల దవాఖాన కుర్చీలో కూచుంటే, డాక్టర్ కూడా మొదట చేసే పనుల్లో ఒకటి ఇదే. నోటి అద్దం పిడిని తిరగేసి, ముందు బాగున్న పన్నును, తర్వాత అనుమానమున్న పన్నును మెల్లగా తడతారు. వేరు కొసన చీము పట్టిన పన్నయితే మనిషి ఉలిక్కిపడతాడు. వేరు ఎముకలో అతుక్కుపోయిన పన్నయితే లోహం మోగినట్టు వేరే శబ్దం వస్తుంది. ఎక్స్‌రే తీయకముందే, వేలెడు పొడవున్న ఒక పిడి ఇంత సంగతి చెబుతుంది.

నస్పూర్ మంచిర్యాల జిల్లాలోని పట్టణం. 2016లో ఆదిలాబాద్ నుంచి విడివడి మంచిర్యాల జిల్లా ఏర్పడింది; నస్పూర్ 2018 నుంచి 2025 దాకా మున్సిపాలిటీగా ఉండేది. శ్రీరాంపూర్ ఏరియా బొగ్గు బాయిలు, సీసీసీ కాలనీ, సింగరేణి బొగ్గు కంపెనీ క్వార్టర్లు కలిసిన ఊరు ఇది. ఇక్కడి నోళ్లకు ఒక ప్రత్యేకత ఉంది. బాయి లోపల మండే వాయువుల భయం వల్ల బీడీ, చుట్ట, అగ్గిపెట్టె నిషేధం. దిగేముందు జేబులు తడిమి చూస్తారు. పొగ తాగే వీలు లేనిచోట తంబాకు బుగ్గకు చేరుతుంది. షిఫ్టు షిఫ్టంతా ఒకే చోట దట్టించిన తంబాకు కింద చర్మం తెల్లబడుతుంది, గట్టిపడుతుంది. ఈ ప్రాంతంలో పళ్ల డాక్టర్ అద్దం పళ్లకన్నా ముందు బుగ్గ లోపలి మడతలోకి వెళ్లాలి అనడానికి కారణం ఇదే. ఆ తెల్లమచ్చ నొప్పి పెట్టదు. నొప్పి లేదు కాబట్టి ఎవరూ చూపించుకోరు. అది క్యాన్సర్‌గా మారేలోగా కనిపెట్టడానికి ఉన్న మొదటి సాధనం ఆ చిన్న గుండ్రటి అద్దమే.

అద్దం చేసే పనులు మూడు. కంటికి నేరుగా అందని పై దవడ వెనక పళ్లను చూపిస్తుంది. బుగ్గనూ నాలుకనూ పక్కకు ఒత్తిపట్టి డ్రిల్ తగలకుండా కాపాడుతుంది. దీపం వెలుతురును చీకటి మూలలోకి మళ్లిస్తుంది. మంచి నోటి అద్దానికి పూత గాజు వెనక కాదు, ముందు ఉంటుంది. ఇంట్లో అద్దంలా వెనక పూత ఉంటే ఒక పన్నుకు రెండు నీడలు కనిపిస్తాయి, డ్రిల్ గురి తప్పుతుంది. ముందు పూత సుకుమారం. గరుకు పీచుతో తోమితే గీతలు పడి అద్దం మసకబారుతుంది. మసకబారిన అద్దంతో పనిచేయడం అలవాటైన చోట పొరపాట్లూ అలవాటవుతాయి.

అద్దం పక్కనే ట్రేలో ఎక్స్‌ప్లోరర్, కొలత ప్రోబ్, ట్వీజర్ ఉంటాయి. కొక్కెంలా వంగి సూదిగా ఉండే ఎక్స్‌ప్లోరర్‌తో అనుమానమున్న పన్నును గట్టిగా పొడిచి, మొన ఇరుక్కుంటే పుచ్చు ఉన్నట్టని చాలాకాలం నేర్పారు. ఇప్పుడు అలా చేయొద్దంటారు. అప్పుడప్పుడే మెత్తబడుతున్న పింగాణీ పొరను పొడిస్తే, మానే అవకాశమున్న మచ్చ కాస్తా గుంట అవుతుంది. ఉప్పు, బొగ్గుపొడి వేసి రుద్ది రుద్ది పళ్లు తోముకున్న పెద్దవాళ్లలో చిగురు దగ్గర పన్ను గాడి పడి ఉంటుంది. ఆ గాడి లోతును ఎక్స్‌ప్లోరర్ మొన ఒత్తిడి లేకుండానే చెప్పేస్తుంది.

కొలత ప్రోబ్ మాత్రం చిగుళ్ల కోసం పుట్టింది. విలియమ్స్ ప్రోబ్ మీద 1, 2, 3, 5, 7, 8, 9, 10 మిల్లీమీటర్ల దగ్గర గీతలుంటాయి. 4, 6 దగ్గర కావాలనే వదిలేశారు. రక్తంలో, ఉమ్ములో గీతలు లెక్కపెట్టడం కష్టం కాబట్టి ఆ ఖాళీలే గుర్తులవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రోబ్ కొసన అర మిల్లీమీటరు గుండు ఉంటుంది, 3.5 నుంచి 5.5 మిల్లీమీటర్ల దాకా నల్లపట్టీ ఉంటుంది. దీన్ని చిగురు కిందకు పంపేటప్పుడు వేసే ఒత్తిడి 20, 25 గ్రాముల బరువుకు మించకూడదు. అంతకంటే ఎక్కువైతే లేని జబ్బును కొలుస్తుంది, ఉన్న చిగురును గాయపరుస్తుంది.

ఈ పనిముట్ల వంశం పాతదే. ఇప్పటి పాకిస్తాన్‌లోని మెహర్‌గఢ్ సమాధుల్లో, చెకుముకి మొనతో తొలిచిన దవడ పళ్లు పదకొండు దొరికాయి. అవి 7,500 నుంచి 9,000 ఏళ్ల నాటివి. సుశ్రుతుడు చెప్పిన 20 శస్త్రాల్లో దంతశంకు ఒకటి, ఏషణి మరొకటి. పుండు లోతు వెతికే ఏషణికి ఈనాటి ప్రోబ్ దగ్గరి బంధువు. పన్ను పీకే పటకారు మాత్రం చాలాకాలం కమ్మరి వస్తువులాగే ఉండిపోయింది. 1841 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో జాన్ టోమ్స్ పంటి మెడ ఆకారానికి తగ్గట్టు ఫోర్సెప్స్ దవడలను మలిచాక, పన్నును లాగడం పోయి పన్నును పట్టుకోవడం మొదలైంది.

ఆ తేడా ముఖ్యం. పన్ను పీకడం అంటే లాగడమని జనం అనుకుంటారు. నిజానికి ఫోర్సెప్స్‌ను ముందు వేరు వైపుకు తోస్తారు, తర్వాత అటూ ఇటూ ఊపి ఎముక గూడును కొంచెం కొంచెంగా వెడల్పు చేస్తారు. పన్ను చివర్లో దానంతట అదే వదులై వస్తుంది. పై దవడ వెనక పెద్ద పళ్లకు కుడికి ఒకటి, ఎడమకు ఒకటి వేరువేరు ఫోర్సెప్స్ ఉండటానికీ కారణం ఉంది. ఆ పెద్ద పళ్లకు బుగ్గ వైపు రెండు వేళ్లుంటాయి. ఫోర్సెప్స్‌లో మొన ఉన్న దవడ ఆ రెండింటి సందులో కూచోవాలి. కాబట్టి మొన ఎప్పుడూ బుగ్గ వైపే. కుడి పన్నుకు ఎడమ ఫోర్సెప్స్ వేస్తే మొన అంగిలి వైపు పడుతుంది, పట్టు జారుతుంది, పన్ను విరుగుతుంది.

ఫోర్సెప్స్‌కన్నా ముందు వాడే ఎలివేటర్ ఇంకా ప్రమాదకరం. చూడటానికి చిన్న ఉలిలా ఉంటుంది. పన్నుకూ ఎముకకూ మధ్య దూర్చి మెల్లగా తిప్పి పన్నును కదిలిస్తారు. ఇది జారితే నాలుకలోకో అంగిట్లోకో దిగుతుంది. అందుకే పనిచేసే చేతి చూపుడువేలు ఎలివేటర్ కమ్మీ మీద మొనకు దగ్గరగా ఆన్చి ఉంటుంది. రెండో చెయ్యి దవడను పట్టుకుని, లోపలివైపు కాపలా కాస్తుంది. పక్క పన్నును ఆధారం చేసుకుని ఎలివేటర్ తిప్పడం తప్పు. ఒకటి తీయబోతే రెండోది కదులుతుంది. ఎలివేటర్‌ను పట్టుకునే తీరు చూస్తేనే ఆ చెయ్యి ఎంత నేర్చిందో తెలిసిపోతుంది. పీకడం గురించే మరో మాట: పై పన్ను పీకితే కంటిచూపు పోతుందనే భయం మన ఊళ్లలో ఇంకా ఉంది. పంటి నరం, కంటిచూపు నరం వేరువేరు. ఆ భయానికి ఆధారం లేదు. ఆ భయంతో చీము పన్నును నెలల తరబడి నోట్లో పెట్టుకోవడమే నిజమైన ముప్పు.

మత్తు సూది సంగతికి వస్తే, 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిగ్నోకైనే నేటికీ పళ్ల దవాఖానల ప్రాణం. అంతకు చాలా ముందటి తరాలు క్లోరోఫాం వాసన పీల్చి ప్రాణం పణంగా పెట్టేవి. ఆ క్లోరోఫాం ప్రమాదమెంతో తేల్చడానికి 1888లోనూ 1889లోనూ నిజాం సర్కారు ఖర్చుతో హైదరాబాద్‌లోనే రెండు పరిశోధక సంఘాలు పనిచేశాయన్నది తెలంగాణ వైద్య చరిత్రలో గుర్తుంచుకోవాల్సిన ఘట్టం. తిరిగి లిగ్నోకైన్‌కు వస్తే, 2 శాతం ద్రావణం మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, 1.8 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్ అంటే 36 మిల్లీగ్రాములు. ఈ లెక్క రోగి బరువుతో సరిచూసుకోవాలి, ముఖ్యంగా పిల్లల్లో. మందు ఎక్కించే ముందు ప్లంజరును కొంచెం వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూస్తారు; వస్తే మొన నాళంలో ఉన్నట్టే. సూదిని మొదలంటా కండలోకి దించరు. సూది విరిగితే సాధారణంగా మొదట్లోనే విరుగుతుంది, బయట కొంత మిగలకపోతే తీయడానికి పట్టు దొరకదు.

సూది పని అయ్యాక వచ్చే ఒక్క క్షణం దవాఖాన సిబ్బందికి అన్నిటికన్నా ప్రమాదం. ఒక చేత్తో సూది, ఇంకో చేత్తో మూత పట్టుకుని మూయబోతే గుచ్చుకునేది వేలికే. టీకా వేయించుకోనివాళ్లకు హెపటైటిస్ బి ఉన్న రక్తపు సూది గుచ్చుకుంటే జబ్బు అంటుకునే అవకాశం 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. హెచ్ఐవీ అయితే 0.3 శాతం. జనం రెండోదానికి భయపడతారు, భయపడాల్సింది మొదటిదానికి. మూతను ట్రేలో పెట్టి, ఒంటి చేత్తో సూదినే మూతలోకి గరిటెతో తీసినట్టు తీసుకోవడం సరైన పద్ధతి. డాక్టర్ ఒక్కరే కాదు, ట్రే కడిగే ఆయమ్మ కూడా హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకుని ఉండాలి. చిన్న క్లినిక్‌లలో ఎక్కువగా మరిచిపోయేది ఆమెనే.

ఇక అందరికీ గుర్తుండే శబ్దం ఎయిరోటర్‌ది. 1871లో జేమ్స్ మారిసన్ కుట్టుమిషన్‌లా కాలితో తొక్కే డ్రిల్‌కు పేటెంట్ తీసుకున్నాడు. 1957లో జాన్ బోర్డెన్ గాలి టర్బైన్‌తో తిరిగే ఎయిరోటర్‌ను తెచ్చాక వేగం నిమిషానికి మూడు లక్షల చుట్ల స్థాయికి చేరింది. నొప్పి తగ్గింది, కానీ వేడి వచ్చింది. పంటి లోపలి నరం ఐదారు డిగ్రీల అదనపు వేడికే దెబ్బతినగలదని 1965లో కోతుల పళ్లపై చేసిన ప్రయోగాల్లో తేలింది. అందుకే ఎయిరోటర్ మొన మీద నీళ్లు పడుతూనే ఉండాలి. నీళ్లు ఆగిన ఎయిరోటర్‌తో పన్ను తొలవడం అంటే పన్నును కాల్చడమే. జ్ఞానదంతం కోసం ఎముక తొలిచేటప్పుడు మామూలు ఎయిరోటర్ వాడకూడదు. దాని గాలి కండ పొరల్లోకి చొరబడి ముఖం ఉబ్బిపోతుంది. అక్కడ నెమ్మదిగా తిరిగే మైక్రోమోటర్ కావాలి.

ఆ నీళ్లు ఎక్కడివన్నది కూడా ప్రశ్నే. కుర్చీ లోపలి సన్నని గొట్టాల్లో నీరు రాత్రంతా నిలిస్తే సూక్ష్మజీవులు పాచిలా పేరుకుంటాయి. ఇటలీలో 82 ఏళ్ల మహిళ ఒకరు పళ్ల కుర్చీ నీటిలోని లెజియొనెల్లా అనే సూక్ష్మజీవి వల్ల న్యుమోనియాతో చనిపోయిన సంగతి 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పొద్దున పని మొదలుపెట్టే ముందు కొన్ని నిమిషాలు, రోగికీ రోగికీ మధ్య 20, 30 సెకన్లు నీటిని ఊరికే వదిలేయడం చిన్న జాగ్రత్త. గొట్టాలను అప్పుడప్పుడూ మందు నీటితో శుద్ధి చేయడం అసలు జాగ్రత్త.

గార తీసే అల్ట్రాసోనిక్ స్కేలర్ కొస సెకనుకు పాతిక వేల సార్లకు పైగా కంపిస్తుంది. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని జనం అంటారు. వదులు చేసింది గార. అది ఎముకను తినేసి, తానే గచ్చులా పళ్లను పట్టి ఉంచుతుంది. గార పోయాక జరిగిన నష్టం బయటపడుతుంది, అంతే. స్కేలర్ మొనను పంటికి గుచ్చినట్టు నిలబెట్టకుండా, పక్కవాటంగా ఆన్చి ఆడించడంలోనే నేర్పుంది.

రూట్ కెనాల్ ఫైళ్లు ఈ ట్రేలో అతి చిన్నవి, లెక్క అతి కచ్చితంగా ఉండాల్సినవి. రంగే వాటి సైజు: 15 తెలుపు, 20 పసుపు, 25 ఎరుపు, 30 నీలం, 35 ఆకుపచ్చ, 40 నలుపు. వాడి వాడి మర విచ్చుకున్న ఫైలు పంటి లోపలే విరుగుతుంది. వేళ్ల నుంచి జారితే గొంతులోకి పోతుంది, ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోకి కూడా. 1864లో శాన్‌ఫర్డ్ బార్నమ్ అనే అమెరికన్ వైద్యుడు పన్ను చుట్టూ రబ్బరు షీటు బిగించడం కనిపెట్టాడు. రబ్బర్ డ్యామ్ అనే ఆ షీటు ఉంటే ఫైలు జారినా గొంతులో పడదు, లోపల కడిగే హైపోక్లోరైట్ ద్రావణం నాలుక కాల్చదు. నూటయాభై ఏళ్లు దాటినా మన దగ్గర ఎన్నో క్లినిక్‌లలో ఇది డ్రాయర్లోనే ఉంటుంది. టైము పడుతుందనేది దానికి చెప్పే సాకు. బాయిలో ల్యాంప్ రూమ్ దగ్గర ప్రతి దీపానికీ నంబరుంటుంది. షిఫ్టు చివర ఒక్క దీపం తిరిగి రాకపోయినా మనిషి కోసం వెతుకుతారు. ఫైళ్ల పెట్టెకు కూడా ఆ లెక్కే కావాలి.

పనిముట్టు ఎంత మంచిదైనా, ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోయే మధ్య ఏం జరిగిందన్నదే దాని అసలు విలువ. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక పళ్ల డాక్టర్ ద్వారా రోగికి హెచ్ఐవీ సోకి ఉండొచ్చని 1990లో బయటపడినప్పటి నుంచీ ఈ ప్రశ్నను ప్రపంచమంతా గట్టిగా అడుగుతోంది. ఆ జబ్బు పాకిన దారి ఇదీ అని ఇదమిత్థంగా తేలలేదు. శుద్ధి నియమాలు మాత్రం బిగుసుకున్నాయి. ఎర్ల్ స్పాల్డింగ్ చేసిన పనిముట్ల విభజన ఇప్పటికీ పునాది. రక్తాన్నీ ఎముకనూ తాకే ఫోర్సెప్స్, ఎలివేటర్, స్కేలర్ లాంటివి పూర్తిగా సూక్ష్మజీవిరహితం కావాలి. నోటి లోపలి పొరను మాత్రమే తాకే అద్దం కూడా వేడికి తట్టుకుంటుంది కాబట్టి దాన్నీ ఆటోక్లేవ్‌లోనే పెట్టాలి. కుర్చీ చేతులు, దీపం పిడి తుడిస్తే చాలు.

ఆటోక్లేవ్ సూత్రం వంటింటి కుక్కరుదే. 1879లో ఫ్రాన్స్‌లో చార్లెస్ చాంబర్లాండ్ దీనికి రూపమిచ్చాడు. 15 పౌండ్ల ఒత్తిడిలో ఆవిరి 121 డిగ్రీలకు చేరుతుంది, అక్కడ 15 నుంచి 30 నిమిషాలు ఉండాలి. 134 డిగ్రీల దగ్గరైతే మూడు నాలుగు నిమిషాలు చాలు. ఆవిరి బుసబుసా వచ్చాకే కుక్కరుకు వెయిట్ పెట్టాలని ఇల్లాలికి తెలుసు. లోపలి గాలి ముందు పోవాలి. ఆటోక్లేవ్‌లోనూ అంతే. గాలి మిగిలిన చోట ఆవిరి తగలదు, పనిముట్లు కుక్కి పెట్టినా తగలదు. మరిగే నీళ్లలో వేసి తీయడం శుద్ధి కాదు. కొన్ని సూక్ష్మజీవుల గింజలు (స్పోర్లు) 100 డిగ్రీలను తట్టుకుంటాయి. ఎండిన రక్తం అంటుకుని ఉంటే ఎంత ఆవిరైనా వృథా. ముందు కడగాలి, అదీ మందపాటి గ్లవుజులతో, కళ్లజోడుతో, పొడుగుపిడి బ్రష్‌తో.

క్లినిక్ మూల నీలి వెలుతురుతో మెరిసే యూవీ పెట్టెను చూసి చాలామంది అదే స్టెరిలైజర్ అనుకుంటారు. అది దాచిపెట్టుకునే అలమరా మాత్రమే. ఆ వెలుతురు నీడ పడిన చోటును తాకదు. ఆటోక్లేవ్ చేసిన సంచీ మీద రంగు మారే గుర్తు ఉంటుంది. ఆ రంగు కూడా వేడి తగిలిందనే చెబుతుంది, క్రిములు చచ్చాయని కాదు. అది తేలాలంటే జియోబాసిలస్ అనే సూక్ష్మజీవి గింజలున్న పట్టీని లోపల పెట్టి, తర్వాత అవి మొలకెత్తుతాయేమో చూడాలి. వారానికోసారి ఈ పరీక్ష చేయాలన్నది అంతర్జాతీయ సూచన. చిన్న ఊరి క్లినిక్‌కు ఇది భారం కాదు. ఆ పట్టీ ఖర్చు కన్నా అది చూపించే లోపం ఎన్నో రెట్లు ఖరీదైంది. ఎయిరోటర్ హ్యాండ్‌పీస్‌ను ఒక్కో రోగికీ విప్పి ఆటోక్లేవ్ చేయాలన్నది మరో నియమం. స్పిరిట్ దూదితో తుడిచి పక్క నోట్లో పెట్టడం ఏ లెక్కనా సరిపోదు, ఎందుకంటే ఆగేటప్పుడు ఆ హ్యాండ్‌పీస్ ఉమ్మిని లోపలికి పీల్చుకోగలదు.

వాడిపారేసినవాటికీ దారులున్నాయి. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం రక్తపు దూది పసుపు సంచిలోకి, ప్లాస్టిక్ ఎర్ర సంచిలోకి, సూదులూ బ్లేడులూ చిల్లు పడని తెల్ల డబ్బాలోకి, గాజు నీలి డబ్బాలోకి వెళ్లాలి. మున్సిపాలిటీ చెత్తబండిలో ఒక్క సూది పడితే, దాన్ని చేత్తో ఎత్తే పారిశుద్ధ్య కార్మికుడే మొదట బలయ్యేది.

దేశంలో 1948 డెంటిస్టుల చట్టం వచ్చాక, రిజిస్టరులో పేరు లేనివాళ్లు పళ్ల వైద్యం చేయడం నేరమైంది. అయినా అంగళ్లలో, బస్టాండ్ల దగ్గర పన్ను కట్టేవాళ్లు, పీకేవాళ్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. వాళ్ల దగ్గర పటకారు ఉంటుంది, ఆటోక్లేవ్ ఉండదు.

బాయి దిగేముందు టోపీ, దీపం, బెల్టు చూసుకోవడం ఎవరూ సిగ్గుపడే పని కాదు. పళ్ల కుర్చీలో కూచున్నప్పుడూ అంతే. కట్టి ఉన్న సంచీని మీ కళ్లముందే చింపి పనిముట్లు తీయమనండి, కొత్త సూది విప్పడం చూడండి, గ్లవుజులు మార్చారో లేదో గమనించండి, ఎయిరోటర్ ఆటోక్లేవ్ చేశారా అని అడగండి. పద్ధతిగా పనిచేసే డాక్టర్ ఆ ప్రశ్నకు కోపగించరు. సంచీ మీది తేదీని చూపిస్తారు.